చిగుసాకు సూది భయం

ఆసుపత్రిలో ఎముక మజ్జ మార్పిడి విభాగంలో నా పని మాటలు మోయడం. డాక్టర్లు నాన్చినదాన్ని ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. మా నీగాతా ఊళ్లో డాక్టరు "కొంచెం కష్టమే" అన్నాడంటే ఆశ వదులుకోమని అర్థం.

మొతొహిరోకు నలభై నిండలేదు. రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఎంత పెరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే జన్యువొకటి అతనిలో పుట్టుకతోనే చెడింది. తండ్రి పోయిందీ దానివల్లేనని ఇప్పుడు తేలింది. వేరేవాళ్ల మజ్జ ఎక్కిస్తే తప్ప బతకడు. ఊరూ పేరూ తెలియనివాళ్లది వద్దు, చెల్లెలిదైతేనే సరే అని భీష్మించుకుని కూర్చున్నాడు. మొండిఘటం.

చెల్లెలు చిగుసాకు తోఫు, అంటే సోయా పన్నీరు, అమ్మే కొట్టుంది. ఆమె మజ్జ అన్నకు అచ్చంగా సరిపోయింది. ఆ చెడ్డ జన్యువు ఆమెలోనూ ఉంటే ఆ మజ్జ పనికిరాదు, అందుకే పరీక్ష చేసి చూడాలన్నాం.

"చూసుకోండి. నాకు మాత్రం చెప్పొద్దు. తెలిస్తే ఏం చేస్తాను, తోఫు అమ్మడం మానేస్తానా?" అంది.

తెలుసుకోకుండా ఉండే హక్కు ఆమెకుంది. సరేనన్నారు మా పెద్దలు. ఆ మాట నిలబెట్టుకోవడం ఎలాగో ఒక్కరూ ఆలోచించలేదు.

ఫలితం వచ్చాక డాక్టర్ ఇవాఫునే ఆమెను పిలిచాడు. "మీ మజ్జ తీసుకోవడం... కొంచెం కష్టమే" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. అచ్చంగా సరిపోయిన మజ్జ పనికిరాదంటే కారణం చంటిపిల్లకైనా తెలుస్తుంది. నాకు ఒళ్లు మండింది.

వరండాలో చిగుసా నన్ను ఆపింది.

"హొరి గారూ, నాక్కూడా ఉందా అని అడగన్లెండి. అన్నయ్యతో మాత్రం నేను సూదికి భయపడి పారిపోయానని చెప్పండి. తిట్టుకుంటే తిట్టుకోనీండి. తనకున్న దిగులు చాలు."

అబద్ధాలు మోయడం నా ఉద్యోగంలో లేదు. అయినా వెళ్లి చెప్పాను.

మొతొహిరో పకపకా నవ్వాడు. "అదా? సూదికా? చిన్నప్పుడు ఊగే పన్ను తనే పీక్కుని నా చేతిలో పెట్టిందండీ!" అంటూ నా మొహంలోకి చూశాడు. నవ్వు ఆగిపోయింది. నేను కిటికీ వైపు తిరిగాను. జాలేసింది.

అప్పుడు అతనే అన్నాడు.

"బయటివాళ్లదే ఎక్కించండి. ఎవరిదైనా పర్లేదు."

"వద్దన్నది మీరే కదా?"

"అన్నాను. రేపు చెల్లెలి వంతొస్తే, ఇదంతా తట్టుకుని బతికినవాడు ఒకడు ఇంట్లో ఉండాలి కదండీ." దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. "దానికి మాత్రం ఇదేం చెప్పకండి. పిరికిదానా అని తెగ తిట్టానని చెప్పండి."