ఫారంలో తిన్న గుడ్డు

"నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా మీ పాప ఏమేం తిందమ్మా?"

చదువుతున్న మీరు కూడా ఒక్క క్షణం ఆగి, ఈ ప్రశ్నకు మనసులో జవాబు చెప్పుకోండి. అనుకున్నంత తేలిక కాదు. ఈ ప్రశ్న అడగడమే బతుకుతెరువైన మనిషి ఒకావిడ ఉంది. పిల్లల్లో పోషకాహార లోపాల మీద పరిశోధన చేసే సంస్థలో ఆమెది సర్వే పని. భుజాన బరువు తూచే మిషను, చేతిలో ఎత్తు కొలిచే టేపు, సంచిలో కొలత గిన్నెలు, వేలి చుక్కతో రక్తం చూసే చిన్న మిషను వేసుకుని తిరుగుతుంది కాబట్టి వీధుల్లో అందరూ ఆమెను కొలతలమ్మ అంటారు.

ఆ రోజు గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు తడుముకోకుండా అప్పజెప్పింది. "పొద్దున గుడ్డు, గ్లాసుడు పాలు. మధ్యాహ్నం అన్నం, ఆకుకూర. సాయంత్రం అరటిపండు. మా ఇంట్లో తిండికేం లోటు లేదమ్మా."

ఆమె వెనకాల ఐదేళ్ల పిల్ల గోడ సున్నాన్ని గోటితో గీకి నోట్లో వేసుకుంటోంది. తల్లి చటుక్కున ఆ చేతి మీద ఒకటిచ్చింది. కొలతలమ్మ చూసింది. కానీ సున్నం తినే పిల్లల గురించి రాయడానికి ఫారంలో గడి లేదు. గుడ్డు ఒకటి, పాలు ఒక గిన్నె అని రాసుకుని పక్కింటికి నడిచింది. నడిచిందన్న మాటే గానీ మనసు నిలవలేదు. వారం రోజులుగా ఏ గుమ్మంలో అడిగినా అదే గుడ్డు, అవే పాలు.

శనివారం సంస్థలో పెద్ద డాక్టరమ్మ సర్వే వాళ్లందరినీ పిలిచి బల్ల మీద రెండు కట్టలు పెట్టింది.

"ఈ ఫారాలు చూస్తే పిల్లలు రాజభోగాలు తింటున్నారు. ఈ రక్తపరీక్షలు చూస్తే సగంమందికి పైగా ఒంట్లో రక్తం లేదు. రెండిట్లో ఏదో ఒకటి అబద్ధం. రక్తానికైతే అబద్ధమాడటం రాదు."

ఆమె ఫారాల కట్టను పక్కకి నెట్టింది.

"ఇలాగే పైకి పంపిస్తే తిండిలో లోపమే లేదని తేలుస్తారు. బడిలో పిల్లలకి గుడ్డు పెట్టమని మనం అడిగింది చెత్తబుట్టలోకి పోతుంది. చీట్లు తీసి, కొన్ని ఇళ్లకు మళ్లీ వెళ్లండి. ఈసారి ఒకరి వీధికి ఇంకొకరు."

సర్వే వీధుల్లోనే ఉన్న కొలతలమ్మ ఇల్లే చీట్లలో వచ్చింది. "పరీక్ష పెట్టే పంతులమ్మకే పరీక్ష!" అని తోటివాళ్లు ఆటపట్టించారు. ఆమె కూడా నవ్వింది గానీ గుండెలో రాయి పడింది.

ఆమె కూతురు చిట్టికి ఏడేళ్లు. ఈ మధ్య రెండంతస్తులు ఎక్కలేక మెట్ల మీదే కూలబడుతోంది. క్లాసులో నిద్రపోతోందని టీచరమ్మ కబురు పెట్టింది. బద్ధకం అని కొలతలమ్మ కేకలేసింది. ఏం చేస్తుంది? పొద్దున ఆరింటికి బయటపడితే చీకటి పడేదాకా ఊరి పిల్లల తిండి లెక్కలే. కీళ్ల నొప్పుల అత్తగారు మనవరాలికి పెట్టేది టీ, బన్ను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందని ఊరికే అన్నారా?

మర్నాడు పెద్దక్క వచ్చింది. ఉద్యోగంలో ఆమెకంటే పదేళ్లు సీనియరు, ముక్కుసూటి మనిషి. చాప మీద కూర్చుని ఫారం తీసింది.

"చెప్పవే, నిన్న చిట్టి ఏం తింది?"

నిజం చెబుదామనే కొలతలమ్మ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు. "పొద్దున గుడ్డు, పాలు... మధ్యాహ్నం..." అని నసిగేసరికి, తల్లి ఒళ్లో ఉన్న చిట్టి అందుకుంది. "అన్నం, ఆకుకూర. సాయంత్రం అరటిపండు!" ఎక్కం అప్పజెప్పినట్టు, ఒక్క తప్పు లేకుండా చెప్పింది. రోజూ సాయంత్రం అమ్మ ఫారాలు సరిచూసుకుంటూ పైకి చదువుతుంటే విని నేర్చుకున్న పాఠం అది. అత్తగారు మురిసిపోయి తలూపింది. కొలతలమ్మకి మాత్రం తల కొట్టేసినట్టయింది.

పెద్దక్క అంతా రాసుకుని, చిట్టి వేలికి సూది పొడిచి రక్తపు చుక్క మిషనులో పెట్టింది. అంకె వెలిగింది. ఏడు. పన్నెండు దాకా ఉండాల్సింది ఏడు.

"ఇంకోసారి చూడమంటావా?" అంది పెద్దక్క మెల్లగా.

"వద్దక్కా. ఆ మిషను నాకు కొత్తా?" కొలతలమ్మ ఫారం వైపు చెయ్యి చూపింది. "ఆ ఫారం కొట్టెయ్. చిట్టీ, నిన్న ఏం తిన్నావో పెద్దమ్మకి చెప్పు."

చిట్టి అమ్మ మొహంలోకి అనుమానంగా చూసింది. "ఫారంలోదా అమ్మా, నిజంగా తిన్నదా?"

"నిజంగా తిన్నదే, తల్లీ."

"టీ, బన్ను. మధ్యాహ్నం కూడా టీ, బన్నే. రాత్రి అన్నం రెండు ముద్దలు. బళ్లో చాక్‌పీసు తిన్నా. అది కూడా చెప్పాలా?"

"ఇంటి గుట్టు వీధిలో పెట్టిస్తావేంటే?" అని అత్తగారు గదమాయించింది.

"గుట్టు దాచుకున్నాం అత్తయ్యా, పిల్లని దాచుకోలేకపోయాం," అని కొలతలమ్మ కూతుర్ని గుండెలకు అదుముకుని ఏడ్చేసింది.

సోమవారం ఆమె తన ఫారాల కట్ట తెచ్చి డాక్టరమ్మ ముందు పెట్టింది. "వీటిలో సగం అబద్ధాలు మేడమ్. అనుమానం వచ్చినా రాసేశాను. మా ఇంట్లో నేనే అబద్ధమాడాను." ఉద్యోగం పోతుందనే అనుకుంది.

డాక్టరమ్మ కట్టలో ఒక్కో ఫారం తిరగేసింది. తర్వాత అంది, "తప్పు నీ ఒక్కదానిదే కాదమ్మా, మనం అడిగిన పద్ధతిది కూడా. కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడి అడిగితే, నా బిడ్డకి సరిగ్గా పెట్టలేకపోతున్నానని ఏ తల్లి ఒప్పుకుంటుంది? పిల్లలు సున్నం, చాక్‌పీసులు తింటుంటే చిలిపితనమని కొడతాం. రక్తం చాలక ఒళ్లు పెట్టే కేక అది. చిట్టికి మందు రాస్తాను, మూడు నెలలు మానకుండా వెయ్యి. టీ మాత్రం మాన్పించు. తిన్న కాస్త తిండిలోని ఇనుమునీ అది ఒంటికి పట్టనివ్వదు. ఇంకో వారం గడువు అడుగుతాను. ప్రతి ఇల్లూ మళ్లీ తిరుగుదాం."

ఆ మధ్యాహ్నం తన వంతుకొచ్చిన కొత్త వీధిలో మొదటి గుమ్మం ముందు కొలతలమ్మ ఫారం సంచిలోనే ఉంచేసింది.

"మొన్న మా అమ్మాయికి రెండు పూటలా టీ, బన్నే పెట్టాం అక్కా. రక్తం ఏడుకి పడిపోయింది," అంది.

తలుపు పట్టుకుని నిలబడ్డ ఇల్లాలు ఆమెను ఎగాదిగా చూసింది. కళ్లు దించుకుంది. తలుపు పూర్తిగా తెరిచి, "లోపలికొచ్చి కూర్చో. మా వాడి సంగతి చెబుతాను," అంది.

అమ్మలారా, అయ్యలారా, పిల్లల కంచంలో లేనిది ఉన్నట్టు చెబితే ఇంటి పరువు నిలబడుతుందేమో గానీ, పిల్లల ఒంట్లో రక్తం నిలబడదు.