రెండు ఒట్లు, ఒక బ్యాంకు

ఆవిడని తెలిసినవాళ్ళంతా ఇనప్పెట్టెమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది పోయిన భర్త. ఆవిడ చెవిలో పడ్డ మాట బయటికి రాదనీ, ఆ పెట్టె తాళం చెవి తన దగ్గర కూడా లేదనీ ఆయన నలుగురిలో అని నవ్వేవాడు. ఆ పేరుకి ఆవిడ లోలోపల మురిసిపోయేది కూడా. అదే ఒకనాడు మెడకి చుట్టుకుంటుందని అప్పట్లో ఎవరికి తెలుసు?

ఆవిడకి ఇద్దరు పిల్లలు. పెద్దది కూతురు, రెండోవాడు కొడుకు. కూతురి ఉద్యోగం పాత నగరంలో. అక్కడ తాతలనాటి నుంచి దేశదేశాల బ్యాంకులన్నీ కొలువు తీరి ఉన్నాయి. వాటిలో ఏదీ లేచిపోకుండా చూసుకోవడం ఆ పిల్ల పని. కొడుకు ఉద్యోగం కొత్త నగరంలో. రైల్లో ఒక పూట దూరం. అక్కడ నీళ్ళ ఒడ్డున అద్దాల మేడలు వరసగా కట్టేశారు గానీ, వాటిలో కూర్చునే బ్యాంకులే లేవు. పాత నగరంలో ఉన్నవాటికి మంచి మాటలు చెప్పి ఇక్కడికి లేవదీసుకు రావడం వాడి పని. ఒక్క కడుపున పుట్టి ఒకరు గొళ్ళెం పెట్టేవాళ్ళు, ఒకరు గొళ్ళెం తీసేవాళ్ళు అయ్యారు.

మొదట్లో ఇదంతా నవ్వులాటగానే ఉండేది. "ఏరా, బ్యాంకుల దొంగా, ఎవరికి కన్నం వేస్తున్నావు?" అనేది అక్క ఫోన్‌లో. "కావలి కాసేవాళ్ళు కునుకు తీసేదాకా ఆగుతున్నానే అక్కా" అనేవాడు తమ్ముడు. ఇలా ఉండగా పాత నగరంలోకెల్లా పెద్ద బ్యాంకు ఒకటి, ఈ ఊరు వదిలి కొత్త నగరానికి పోదామా అని ఆలోచిస్తున్నట్టు ప్రకటించింది. అది వెళ్ళిపోతే కూతురి కుర్చీ ఊడుతుంది. అది రాకపోతే కొడుకు ఆఫీసే మూసేస్తామన్నారు. ఆ రోజు నుంచి అక్కాతమ్ముళ్ళ మధ్య ఫోన్లు ఆగిపోయాయి. పండులాంటి పిల్లలు పగవాళ్ళైపోయారని తల్లి కుమిలిపోయింది.

ఆవిడ ఉంటున్నది కొడుకు దగ్గర. వాడికి ఆ మేడల్లోనే పదిహేడో అంతస్తులో ఇల్లిచ్చారు. వాడి మీద ప్రేమ పొంగి ఇచ్చింది కాదు. అంతస్తంతా ఖాళీ. చూడవచ్చిన బ్యాంకులవాళ్ళకి మనుషులున్నట్టు కనబడాలి. అందుకని పక్క ఇళ్ళ తాళాలు కూడా ఇనప్పెట్టెమ్మ చేతికే వచ్చాయి. పొద్దు వాలగానే ఇల్లిల్లూ తిరిగి దీపాలు వేసేది. ఉతికిన దుప్పట్లు ఒక్కో బాల్కనీలో ఒక్కోటి ఆరేసేది. "ఒక్క కాపరాన్ని నాలుగు కాపరాలు చేశావు కదరా!" అనేది కొడుకుతో.

ఒకనాడు కొడుకు ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటింట్లో కూలబడ్డాడు.

"అక్కావాళ్ళు ఆ బ్యాంకుకి పన్ను మొత్తం మాఫీ చేసేశారటమ్మా. ఇంక నేనేం పెట్టి పోటీ పడను? ఒక మేడ అద్దె లేకుండా ఇద్దామని మా పెద్దాయన కాళ్ళావేళ్ళా పడుతున్నాను. ఆయనేమో కారు నిలబెట్టుకునే చోటుకి కూడా అద్దె పుచ్చుకోమంటున్నాడు. ఈ సంగతి అక్కతో మాత్రం అనకు. నా మీద ఒట్టు!"

ఆవిడ చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టేసుకున్నాడు. ఆవిడ చేతికి పిండి ఉంది. అది కాస్తా వాడి జుట్టుకి అంటింది.

మర్నాడు కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, తమ్ముడివాళ్ళు మేడకి మేడే ఊరికే రాసిచ్చేశారటగా? నువ్వు నాకు ఒక్క ముక్క చెప్పలేదు."

"ఎవరన్నారే?" అంది ఇనప్పెట్టెమ్మ.

"బ్యాంకాయనే అన్నాడు, నవ్వుతూ. పన్ను తగ్గించమని నేను పైవాళ్ళని బతిమాలుతున్నాను. ఒక్క పైసా తగ్గించం, ససేమిరా అంటున్నారు. తమ్ముడికి తెలిసిందా, నా పని గోవిందా! వాడితో అనకు. నా మీద ఒట్టమ్మా!"

ఫోన్‌లో పెట్టినా ఒట్టు ఒట్టే. ఆవిడ ఫోన్ పక్కన పెట్టి, కొడుకు గదిలోకి వెళ్ళి అడిగింది. "ఏరా, అక్కావాళ్ళు పన్ను తీసేశారని నీకెవరు చెప్పారు?"

"బ్యాంకాయనే. ఎప్పుడూ నవ్వుతుంటాడని చెప్పానే, ఆయన."

ఇంకేముంది! ఆ నవ్వులాయన ఇక్కడ లేనిది అక్కడా, అక్కడ లేనిది ఇక్కడా చెబుతున్నాడు. ఇద్దరూ హడలిపోయి పైవాళ్ళ గుమ్మాలు అరగదీస్తున్నారు. ఇంకో వారం ఇలాగే సాగితే అటు పన్నూ పోతుంది, ఇటు మేడా పోతుంది. రెండు అబద్ధాలూ ఒకదాన్ని చూసి ఒకటి నిజాలైపోయేలా ఉన్నాయి. ఈ సంగతి తెలిసినది లోకంలో ఇద్దరే. ఒకడు చెప్పడు. ఒకావిడ చెప్పలేదు.

రెండు రోజులు ఆవిడకి అన్నం సహించలేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆస్పత్రిలో పనిచేసే కోడలు అది గమనించి అడిగింది.

"ఒంట్లో బాలేదా అత్తయ్యా?"

"ఒంట్లో బాగానే ఉంది. నోట్లోనే బాలేదు. ఒట్టు తీసి గట్టు మీద పెడితే పోతుందంటారే, అది నిజమేనంటావా?"

"ఎవరి మీద ఒట్టు? ఏమని?"

"అది చెప్పగలిగితే నిన్నెందుకడుగుతాను?"

కోడలు కిటికీలోంచి కిందికి చూసింది. "పెడదామన్నా ఈ పదిహేడో అంతస్తులో గట్టెక్కడుంది అత్తయ్యా!" అంది.

ఇనప్పెట్టెమ్మకి నవ్వొచ్చింది గానీ ధైర్యం రాలేదు. కన్నబిడ్డల నెత్తిన పెట్టిన చెయ్యి. తీసేసుకుంటే ఆ నెత్తికేమవుతుందోనని భయం. పోనీ, ఒట్టు వెనక్కి తీసుకోమని ఇద్దర్నీ విడివిడిగా అడిగింది. "చంపేస్తావా ఏంటి?" అని ఇద్దరూ ఒకే మాట అన్నారు.

అంతలో కూతురి నుంచి ఇంకో ఫోన్.

"అమ్మా, రేపు నేను మీ ఇంటికి వస్తున్నాను. కానీ నేను నీ కూతుర్ని కాను."

"అదేంటే! ఎప్పట్నుంచి?"

"రేపు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా. బ్యాంకాయన మీ మేడలు చూడ్డానికి వస్తూ, నువ్వూ రా అని నన్ను వెంటబెట్టుకొస్తున్నాడు. ఆ తళుకులు చూసి నా గుండె జారాలనుకుంటా. మేం అక్కాతమ్ముళ్ళమని ఆయనకి తెలీదు. తెలిస్తే రెండు ఊళ్ళూ కలిసి నాటకమాడుతున్నాయంటాడు. నువ్వు నన్ను ఎరగనట్టే ఉండాలి."

"పురిటినొప్పులు పడి కన్నదాన్ని ఎరగనట్టు ఎలా ఉండనే?"

"ఒక్క పూటేనమ్మా!"

మర్నాడు ముగ్గురూ వచ్చారు. ముందు కొడుకు, వెనక నవ్వులాయన, ఆ వెనక కూతురు. నవ్వులాయన భాష వేరు, మన మాట ఒక్క ముక్క రాదు. గుమ్మంలో నవ్వాడు, చెప్పుల స్టాండును చూసి నవ్వాడు, ఫ్యాను చూసి నవ్వాడు. ఇక్కడి ఉద్యోగులు ఎలాంటి ఇళ్ళలో ఉంటారో చూపించాలట. అంతస్తులో మనుషులున్న ఇల్లు ఇదొక్కటే కాబట్టి, కొడుకు దీన్నే చూపించాల్సి వచ్చింది.

"కూర్చోండి మేడమ్" అన్నాడు తమ్ముడు, అక్క మొహం చూడకుండా.

"థాంక్స్ సార్" అంది అక్క, తను ఎంచుకున్న కుర్చీ దుమ్ము దులుపుతూ. "ఇల్లు బాగుంది. గోడలు మాత్రం కాస్త పల్చన."

"మీ ఊళ్ళో గోడలు దిట్టమేలెండి. తలుపులే, ఎవరూ పోకుండా తాళాలు వేసుకోవాల్సొస్తోంది."

తల్లి టీ తెచ్చింది. కూతురు చిక్కిపోయింది. కళ్ళ కింద నలుపు. ఎన్నాళ్ళైంది కళ్ళారా చూసి! ఆ తల నిమరబోయిన చేతిని మధ్యలో ఆపి, బిస్కెట్ల పళ్ళెం అందుకుంది. కొడుకు వంక చూసింది. వాడి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు.

నవ్వులాయన ఏదో అన్నాడు. ఏమన్నాడని తల్లి అడిగితే కొడుకు నీరసంగా చెప్పాడు. "రెండు ఊళ్ళూ పోటీ పడి ఇస్తున్నాయట. ఎల్లుండిలోగా ఎవరు ఎక్కువ రాసిస్తే వాళ్ళ దగ్గరుంటాడట."

అప్పుడు ఇనప్పెట్టెమ్మకి ఒక్కసారిగా తట్టింది. కొడుకు ఏమన్నాడు? అక్కతో అనకన్నాడు. కూతురేమంది? తమ్ముడితో అనకంది. ఈ నవ్వులాయనతో అనకని ఎవరూ ఒట్టు పెట్టలేదే!

పిల్లి మీదా ఎలక మీదా పెట్టి అనడం ఆవిడకి కొత్త కాదు. ఆ విద్య అత్తగారింట్లో వంటబట్టిందే. కుర్చీ లాక్కుని నవ్వులాయన ఎదురుగా కూర్చుంది. మొహం నిండా నవ్వు పులుముకుని, చుట్టాన్ని ఆదరించే గొంతుతో మొదలెట్టింది.

"బాబూ, నేను నీతోనే అంటున్నాను. ఈ గదిలో ఇంకెవరితోనూ అనడం లేదు. ఆ ఊళ్ళో పన్ను మాఫీ చేశారని ఇక్కడ చెప్పావు. అక్కడ పైసా తియ్యలేదు. ఈ ఊళ్ళో మేడ ఊరికే ఇచ్చారని అక్కడ చెప్పావు. ఇక్కడ కారు నిలబెట్టుకునే చోటుకే అద్దె అడుగుతున్నారు. ఇటు చెప్పి అటూ, అటు చెప్పి ఇటూ, రెండు చేతులా భోంచేద్దామనుకున్నావు. పళ్ళు రాలగొట్టేదాన్నే, ఇంటికొచ్చినవాడివైపోయావు. ఇంకో బిస్కెట్టు తీసుకో బాబూ."

కూతురికి టీ పొలమారింది. కొడుకు చేతిలో బిస్కెట్టు టీలో పడింది. నవ్వులాయన సంతోషంగా తలూపి, పెద్దావిడ ఏమంటోందని అడిగాడు.

"మీకు స్వాగతం చెబుతోంది" అన్నాడు కొడుకు ఆయన భాషలో.

"ఇంత పొడుగునా?"

"మా భాషలో స్వాగతం కాస్త పొడుగే."

నవ్వులాయన గుండెల మీద చెయ్యి వేసుకుని ఆవిడకి వంగి దణ్ణం పెట్టాడు. ఆవిడ "పద్ధతైనవాడే, పాపం" అంది.

"మేడమ్, బాల్కనీ చూద్దురుగాని రండి" అన్నాడు తమ్ముడు. ఇద్దరూ వెళ్ళి అద్దం తలుపు మూసుకున్నారు.

లోపల ఆవిడా, నవ్వులాయనా మిగిలారు. ఆయన నవ్వాడు. ఆవిడా నవ్వింది. కాసేపటికి ఆయన కిటికీలోంచి పక్క బాల్కనీల దుప్పట్లు చూపించి, అన్నిటికీ ఒకే పువ్వులేమిటన్నట్టు వేళ్ళు తిప్పాడు. ఆవిడ గంభీరంగా తలూపి బిస్కెట్ల పళ్ళెం ముందుకి జరిపింది. కళ్ళు మాత్రం అద్దం అవతలే ఉన్నాయి. కొడుకు చేతులు ఊపుతున్నాడు. కూతురు వేలు చూపిస్తోంది. వాడేదో అన్నాడు. అది వాడి నెత్తి మీద ఒక్కటిచ్చింది. ఇద్దరూ రెయిలింగు పట్టుకుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నారు.

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నవ్వులాయన కంగారుపడి బిస్కెట్ల పళ్ళెం ఆవిడవైపే జరిపాడు.

లోపలికొచ్చి అక్క ముందు చెప్పింది, ఆయన భాషలో, మెత్తగా. మా ఊళ్ళో పన్ను అందరికీ ఎంతో మీకూ అంతే, తగ్గదు. తమ్ముడు అందుకున్నాడు. మా మేడకి అద్దె ఉంది, కారు నిలబెట్టే చోటుకీ ఉంది. మీకెక్కడ నచ్చితే అక్కడ ఉండండి. నవ్వులాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆయన మొహం నవ్వకుండా ఎలా ఉంటుందో ఆ పూటే తెలిసింది. అంత బాగుండదు.

తను రైల్లో వెళ్తానని చెప్పి కూతురు ఆగిపోయింది. ఆయన్ని కారెక్కించి వచ్చాక కొడుకు తల్లిని నిలదీశాడు. "ఒట్టు తప్పావు కదమ్మా!"

"ఎక్కడ తప్పానురా? దీనితో నీ సంగతి అన్నానా? నీతో దీని సంగతి అన్నానా? పరాయివాడితో నా బాధ చెప్పుకున్నాను. మధ్యలో మీరెందుకు విన్నారు?"

కూతురు తమ్ముడి తల అటూ ఇటూ తిప్పి చూసింది. "తల బాగానే ఉందమ్మా. లోపలే ముందునుంచీ ఏమీ లేదు" అంది.

చివరికి బ్యాంకు ఎక్కడికీ కదల్లేదు. కదులుతానని అంత గొడవ చేసి ఊరుకుంటే బాగుండదనుకుందేమో, కొత్త నగరంలో ఒక గది అద్దెకి తీసుకుని నలుగురిని కూర్చోబెట్టింది. ఆ నలుగురిని చూసి కొత్త నగరంవాళ్ళు 'పెద్ద బ్యాంకు మన ఊరొచ్చింది' అని బోర్డులు కట్టారు. పాత నగరంవాళ్ళు 'పెద్ద బ్యాంకు మనల్ని విడిచి పోలేదు' అని సభ పెట్టారు. రెండు చోట్లా దండలు వేశారు. ఇద్దరి కుర్చీలూ నిలిచాయి.

ఇప్పుడు సాయంత్రం ఫోన్ మోగితే కొడుకే ముందు పరిగెడతాడు. నిన్నా అంతే. తల్లి టీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడింది. అవతలినుంచి కూతురి అరుపులు ఆవిడ దాకా వినిపిస్తున్నాయి.

"ఇలా ఇవ్వరా. దాన్ని కన్నది నేను."

"ఉండమ్మా, అక్క ఇంకా తిడుతోంది" అన్నాడు వాడు ఫోన్ గట్టిగా చెవికి ఆనించుకుని.

"తిడుతోందా? అయితే తొందరేం లేదులే" అని ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.