మెట్ల కింది మన్ను

పొద్దున లేవగానే యమునకు మొదటి పని మెట్ల కింద మన్ను ఎత్తిపోయడం. పళ్ళు తోముకోవడం దాని తర్వాతే. మేడ్చల్‌లో కట్టుకున్న కొత్త డూప్లెక్స్‌లోకి వచ్చినప్పటి నుంచి ఇదే వరస. కింద నల్ల గ్రానైటు, ముఖం చూసుకునేంత నునుపు. దాని మీద మోకాలెత్తు ఎర్రమన్ను కుప్ప. కుప్ప పక్కన వాళ్ళ కుక్క బూరి నాలుక బయటపెట్టి రొప్పుతూ, ముందుకాళ్ళ గోళ్ళతో నేలను ఇంకా గీకుతూనే ఉంటుంది. గ్రానైటు మీద గీత కూడా పడదు. మన్ను మాత్రం వస్తుంది.

ఆ మన్ను ఎక్కడిదని ఇంట్లో ఎవరూ అడగలేదు. వాసనే చెప్పేది. శామీర్‌పేట చెరువు కింది ఊళ్ళో, వాళ్ళు వదిలేసి వచ్చిన పాత ఇంటి వెనక, బర్రెలు కట్టేసిన దొడ్డి మన్ను. గడ్డిపోచలు, ఎండిన పేడ పెళ్ళలు అందులోనే వచ్చేవి.

"మళ్ళ తీసిందా?" అత్త సత్యమ్మ సోఫాలోంచి అడుగుతుంది. సోఫాలో కూర్చోవడం ఆమెకు ఇంకా రాలేదు. కండక్టరు వచ్చి లేపుతాడేమో అన్నట్టు అంచున కూర్చుంటుంది.

"తీసింది అత్తమ్మా."

"జల్లెడ పట్టు. తులసమ్మకు రాళ్ళు పోయకు."

లేఅవుట్‌లోని ఆడవాళ్ళు కూడా డబ్బాలు పట్టుకుని వచ్చేవారు, గులాబీలకు ఎర్రమన్ను మంచిదట. పట్టుకుపోయేవారు. కుక్క ఎందుకు వణుకుతోందని మాత్రం ఒక్కరూ అడగలేదు. పనికొచ్చేదే కనపడుతుంది మనుషుల కళ్ళకు.

బూరి అంతకుముందు ఇలా ఉండేది కాదు. బర్రెల ముందు నడిచి చెరువు గట్టు దాకా తీసుకుపోయి, మళ్ళీ వెనక నడిచి తోలుకొచ్చేది. అడ్డం వచ్చిన లారీని కూడా మొరిగి ఆపేది. ఇప్పుడు కోయిలలా కూసే కాలింగ్ బెల్లు మోగితే ఒంటికి పోస్తుంది. నీళ్ళ మోటరు వేస్తే గోడకు అతుక్కుంటుంది. యమున స్నానానికి పోతే తలుపు గీకుతుంది. తిండి పెడితే వాసన చూసి, ఎవరో తిడతారన్నట్టు చుట్టూ చూసి వెనక్కి జరుగుతుంది. ముందుకాళ్ళు నాకీ నాకీ వెంట్రుకలు పోయి, లోపలి తోలు పచ్చిగా కనపడుతోంది.

గృహప్రవేశం నాడు మొదలైంది ఇదంతా. గండిమైసమ్మ నుంచి ట్రాలీలో ఆవును తెప్పించారు. కొత్త ఇంట్లో మొదట ఆవు అడుగు పడాలి. ఆ ఆవేమో గుమ్మం ముందు నిలబడి బంతిపూల దండ నములుతోంది. "ముహూర్తం దాటిపోతోంది, తోలండి, తోలండి" అని పురోహితుడు పట్టాభిరామయ్య గారు వాచీ చూసుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే గిన్నెలు తెచ్చిన లారీలోంచి బూరి దూకింది. గుమ్మం దగ్గర లక్ష్మీదేవి పటం పట్టుకుని నిలబడ్డ యమునను చూసింది. మనవాళ్ళంతా ఇటే పోతున్నారు గదా అనుకుని, ఆవు కాళ్ళ సందులోంచి దూరి, అందరికంటే ముందు హాల్లోకి పోయి నిలబడి తోక ఊపింది.

"అయ్యో, ఆవుకంటె ముందు కుక్క జొచ్చింది!" అని చుట్టాలు గుండెలు బాదుకున్నారు. అంతమంది ముందు పరువు పోయినట్టయింది హరీష్‌కు. ఆవును తోలుకొచ్చిన మనిషి చేతిలోని కట్టె గుంజుకుని కొట్టాడు. పుట్టి బుద్ధెరిగాక బూరి దెబ్బ తినలేదు. ఎటు పారిపోవాలో తెలియలేదు దానికి, నాలుగు దిక్కులా ఒకే తెల్లగోడ. మెట్ల కింద దూరింది. ఆ తర్వాత ఆవు వచ్చి హాలు నడిమధ్య పేడ వేసింది. అందరూ సంతోషంగా దండాలు పెట్టారు. పేడ వేస్తే శుభం, తోక ఊపితే అశుభం. ఇదీ మన శాస్త్రం.

పాతవి కొత్తింటికి తేవద్దని చీపురు, చాట, బూరి పడుకునే గోనెసంచి అన్నీ ముందే కాల్చేశారు. బర్రెలను అంతకుముందే అమ్మేశారు. పాతది అంటూ మిగిలింది కుక్క ఒక్కటే. యమున లెక్కలో ఇంకోటి కూడా ఉంది గానీ, దాన్ని ఆమె పైకి అనలేదు. బర్రెలకు పాలు పిండే వేళకు ఇప్పటికీ మెలకువ వస్తుంది. లేచి, చేయడానికి ఏమీ లేక, చేతుల వైపు చూసుకుంటుంది.

ఒకరోజు పొద్దున బాలేష్ వచ్చాడు. హరీష్‌కు చిన్ననాటి దోస్తు. పాత ఇల్లు కొని, కూలగొట్టి, అక్కడ కొత్త ఇళ్ళు కడుతున్నది అతనే. వెనక దొడ్డి మాత్రం ఇంకా రిజిస్ట్రేషన్ కావాలి. చాయ్ తాగుతూ జేబులోంచి కొలత టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

"వదినె, మీ కుక్క నా పని ఆపుతాంది."

"ఏం జేసింది?"

"దొడ్ల పిల్లర్లకు ముగ్గు పోసిపెడ్తే తెల్లారేసరికి ముగ్గు లేదు. ముగ్గు కింద భూమి గూడ లేదు. ఇది ఈడ గీకుతాంది, ఆడ గుంత పడ్తాంది. మేస్త్రీలు నన్ను జూసి నవ్వుతుండ్రు."

"మన్ను బస్తాలల్ల కట్టిపెట్టిన. తీస్కపో."

"మన్ను నేనేం జేస్కుంట వదినె? దొడ్డంత ఈడికే వచ్చినంక నేను రిజిస్ట్రేషన్ దేనికి జేయించుకోవాలె? గాలికా?"

హరీష్ కుక్క వైపు చూస్తూ అన్నాడు, "ఈ వారం ఇడిసి, పై బేస్తవారం రిజిస్ట్రేషన్ పెట్టుకున్నం. అంతలోపట ఆపుతం."

"ఆగకపోతే?" అంది యమున.

"జవహర్‌నగర్ కాడ ఇడిసొస్త. ఆ చెత్తగుట్టల మీద ఎన్ని కుక్కలు బతుకుత లేవు? తిండికి లోటు లేదు."

"తిండికి లోటు లేకుంటె నువ్వు పోయి ఉంటవా?"

బాలేష్ చాయ్ గ్లాసులోకి నవ్వాడు. హరీష్ నవ్వలేదు. అతను ఊరికే అనే మనిషి కాదు. బాలేష్‌కు మాట ఇచ్చాక మరీ కాదు. బెల్లు మోగితేనే ఒంటికి పోసే కుక్క, ఆ చెత్తగుట్ట మీద గుంపుల మధ్య ఒక్క పూట కూడా నిలవదు.

ముందు హరీష్ తన తెలివి వాడాడు. గొలుసుతో కట్టేశాడు. మర్నాడు కుప్ప నడుమెత్తు అయింది.

తర్వాత సత్యమ్మ దిష్టి తీసింది. ఉప్పు, ఎండుమిరపకాయలు బూరి చుట్టూ తిప్పింది గానీ, కొత్తింట్లో ఉన్నది కరెంటు పొయ్యి. దాని మీద మిరపకాయలు కాలవు. బయట ఇనుప మూకుడులో బొగ్గులు రాజేసి వేసింది. లేఅవుట్ మొత్తం దగ్గింది. కాపలా మనిషి గేటు వదిలి పారిపోయాడు. బూరి తుమ్మింది.

"ఘాటొచ్చింది. దిష్టి గాదు పిల్లా," అంది సత్యమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "దిష్టి అయితే ఘాటు రాదు. దీనికి దిగులు పట్టింది."

పశువుల డాక్టరు కూడా అదే మాట కొంచెం పొడుగ్గా చెప్పాడు. "ఇల్లు మారింది, పని పోయింది, పైనుంచి దెబ్బ. భయపడదా? గొలుసు తీసెయ్యండి. ఒకటే వేళకు తిండి, ఒకటే దారిన నడక. మీరు బయటికి పోతే మళ్ళ వస్తరని దానికి నమ్మకం రావాలె. జరసేపు పోయి వాపసు రండి, మెల్లమెల్లగ పెంచండి. పాత వాసన ఉన్న వస్తువేదన్న పక్కన వెయ్యండి." యమున చీరకు అంటిన మన్ను చూసి, "కండ్లల్ల మన్ను పడకుంట చూడండి," అని మందు రాశాడు.

పాత వస్తువు ఎక్కడిది? అన్నీ కాల్చిరి. యమున ఊళ్ళో షహర్ బానుకు ఫోన్ చేసింది. దొడ్డి పక్కనే మేకలు కాచుకునే ఆమె. యమున బర్రెల్ని కొన్నది కూడా ఆమే. ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చింది, సంచిలో బర్రెను కట్టేసే పలుపుతాడు పెట్టుకుని.

"బర్రెనమ్మేటోళ్ళు పలుపు ఇయ్యరు బిడ్డా, పలుపెంట ఇంటి కళ పోతదంటరు. మీ ఆయనకు జల్దీ ఉండె, పలుపుతోనే తోలిండు. నా ఇంట్ల మీ కళ నాకెందుకని మొన్నటిసంది పరేషాన్ అయితున్న. తీస్కో."

ఆ మాట విని సత్యమ్మ కొడుకు గది వైపు చూసి, "సదువుకున్న గాడ్ది," అంది, అతనికి వినపడేలా.

యమున పలుపును మెట్ల కింద పరిచింది. బూరి వాసన చూసింది. ముక్కుతో మొదలుపెట్టి ఒళ్ళంతా వాసన చూస్తున్నట్టు వణికింది. ముడి మీద గడ్డం ఆనించి పడుకుంది. కాసేపటికి రెండు కళ్ళూ మూసింది. ఈ ఇంట్లో అది రెండు కళ్ళూ ఒకేసారి మూయడం అదే మొదలు.

అక్కడి నుంచి యమునకు పని దొరికింది. గేటు దాకా పోయేది, బూరి కుయ్యిమనకముందే తిరిగి వచ్చేది. మూల మీది కిరాణా దాకా పోయేది, వచ్చేది. పోయేటప్పుడు ముద్దులూ లేవు, వచ్చాక హడావిడీ లేదు. పొద్దున బర్రెలు తోలే వేళకు మెడకు తాడు కట్టి, అదే నడక తీరుతో లేఅవుట్ చుట్టూ తిప్పేది. కాలింగ్ బెల్లు వైరు తీసేసింది. వచ్చినవాళ్ళు తలుపు కొట్టాలి, లేకపోతే పోవాలి. మిగతా పొద్దంతా మెట్ల కింద గోడకు వీపు ఆనించి, బూరి పక్కన కూర్చునేది. దాని పంజా పక్కన తన చెయ్యి పెట్టుకునేది.

కుక్క గిన్నె నాకడం మొదలుపెట్టింది. కాళ్ళ పుండ్లు ఎండాయి. మోటరు వేస్తే చెవులు కదిపి ఊరుకుంటోంది.

మన్ను మాత్రం ఆగలేదు. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి, మళ్ళీ పెరిగింది. కడుపునిండా తిని, గుర్రుపెట్టి పడుకునే కుక్క ఎప్పుడు తవ్వుతోంది? యమున కాపు కాసింది. పక్కనుంచి కదలకుండా, కళ్ళు బూరి గోళ్ళ మీదే పెట్టి కూర్చుంది. కూర్చుని దొడ్డి గురించి ఆలోచించింది. అక్కడ రేపు ఎవరిదో పడకగది వస్తుంది. బర్రెలు నిలబడ్డచోట మంచం వేస్తారు, పాల బకెట్టు పెట్టినచోట చెప్పులు విడుస్తారు. ఆలోచన తెగేసరికి కుప్ప ఇంకో జానెడు పెరిగి ఉండేది.

బేస్తవారం పొద్దున బాలేష్ ట్రాలీ గేటు ముందు ఆగింది. లోపలికి వచ్చిన అతని చేతిలో పెద్ద గోనెసంచి. హరీష్ తెల్ల చొక్కా, బూట్లు వేసుకుని, కాగితాల కవరు చంకలో పెట్టుకుని కిందికి దిగాడు. ఆఖరి మెట్టు మీద ఆగిపోయాడు. మన్ను ఆ మెట్టు దాకా వచ్చింది.

"ఇగ నువ్వేం అనకు యమునా. మాట ప్రకారం అది..."

"ఆగురా," అంది సత్యమ్మ సోఫా అంచు నుంచి లేచి. "పండుకున్న కుక్క తవ్వుతదా?"

బూరి పలుపు మీద పొట్ట తేలేసి నిద్రపోతోంది. నాలుగు కాళ్ళూ గాల్లో ఉన్నాయి. అయినా గీకుతున్న చప్పుడు ఆగలేదు. సన్నగా, ఓపికగా వస్తూనే ఉంది.

అందరూ దాని పక్కనే కూర్చున్న యమున కుడిచేతి వైపు చూశారు. యమున కూడా అప్పుడే చూసుకుంది. వేళ్ళు వాటంతట అవే గ్రానైటు మీద కదులుతున్నాయి. గోళ్ళు విరిగి, మొదళ్ళ దాకా ఎర్రబడి ఉన్నాయి. వేళ్ళ కింద నుంచి మన్ను పొంగుతోంది.

బాలేష్ గోనెసంచిని మెల్లగా వీపు వెనక దాచుకున్నాడు.

"దాస్తవేందయ్యా?" అంది యమున. "తేవట్టిరి గదా, ఇటు తే. నేను పడ్తనా అండ్ల? జవహర్‌నగర్ల నాకు గూడ తిండికి లోటుండదు."

"ఏం మాటలే అవి?" అన్నాడు హరీష్.

"మాటలు గాదు, నాకు భయమైతాంది. చెయ్యి నా మాట ఇంటలేదు. దొడ్డి అమ్మద్దని నోటితోని ఎన్నడన్న అన్ననా? అనలేదు. నువ్వడగలేదు. నోరు జెప్పంది చెయ్యి జెప్తాంది, నేనేం జెయ్యాలె?"

సత్యమ్మ మన్నులో కూలబడి, కోడలి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. చీరకొంగుతో ఒక్కొక్క వేలూ తుడిచింది. వేళ్ళు ఆమె అరచేతిలో కూడా గీకుతూనే ఉన్నాయి. సత్యమ్మ కొడుకును ఏమీ తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం హరీష్ ఎరుగడు. అదే అతన్ని భయపెట్టింది. చంకలో కవరుతో ఆ మెట్టు మీదే నిలబడ్డాడు. కుక్కను చూశాడు, అది నిద్రలో మూతి చప్పరించింది. భార్య చేతిని చూశాడు. మెట్టు మీద కూర్చుని ఒక్కో బూటు విప్పాడు.

"అన్నా, ఇంటి జాగ చాలు నాకు," అన్నాడు బాలేష్, ఆ రోజు బల్ల మీద వదిలిపోయిన టేపు తీసి జేబులో వేసుకుంటూ. "గాలి నేను కొనలేను."

ఆ ట్రాలీలోనే, మరుసటి వారం, మన్ను బస్తాలు శామీర్‌పేటకు వాపసు పోయాయి. లేఅవుట్ ఆడవాళ్ళు గులాబీ కుండీల మన్ను మాత్రం తిరిగి ఇవ్వలేదు. బస్తాల మీద యమున కూర్చుంది, ఆమె తొడకు ఆనుకుని బూరి.

దొడ్డి ఉన్నచోట నడుములోతు గుంత. గోడ అవతల బాలేష్ మేస్త్రీల సిమెంటు మిషను గరగరా తిరుగుతోంది. ఆ చప్పుడుకు కుక్క మళ్ళీ ఎక్కడ ముడుచుకుంటుందోనని యమున గుండె చేత్తో పట్టుకుని దిగింది. మొదటి బస్తా విప్పి పోసింది. గుంతలో మూల కూడా నిండలేదు. ఎన్నాళ్ళు పడుతుందో ఏమో. రెండో బస్తా విప్పుతూ చూస్తే, కాలి పక్కన బూరి లేదు.

షహర్ బాను మేకలు చెరువు దారి పట్టాయి. వాటి ముందు, తోక నిటారుగా లేపి, తనను ఎవరో పనిలో పెట్టుకున్నట్టు, బూరి పోతోంది.

"ఓ బూరీ!" యమున భయంతో అరిచింది.

కుక్క చెవి ఒకటి ఇటు తిరిగింది. కుక్క తిరగలేదు.