మార్సీన్ మడమ తప్పేమీ లేదు

...కాదు టెస్ తల్లీ, ఆ వాక్యం కొట్టెయ్. "మా తాతయ్య గొప్ప గుర్రాలవాడు" అని రాయమని నీకెవరు చెప్పారు? నేను పందులు మేపినవాణ్ణి. గుర్రం ముందువైపు కరుస్తుంది, వెనకవైపు తంతుంది, అంతవరకే నాకు తెలుసు. ఆ రెంటికీ మధ్యన ఎక్కి కూర్చునేది మీ అమ్మ. అలా రాయి. నేను మెల్లగా చెబుతాను, నువ్వూ మెల్లగా రాయి. ఎనిమిదో తరగతిలో బడికి దండం పెట్టి వచ్చేసినవాణ్ణి. తప్పులుంటే దిద్దుకో. మడమ సంగతి మాత్రం దిద్దకు.

అప్పటికి మీ అమ్మ మార్సీన్‌కి పద్దెనిమిదేళ్ళు. మన జిల్లా జాతరలో పిల్లల గుర్రపు పోటీలకి అదే ఆఖరి వయసు. అన్నిటికన్నా పైదైన ఊదా రిబ్బను వస్తే రాష్ట్ర పోటీకి వెళుతుంది, రాకపోతే ఇక ఈ జన్మకి లేదు. ఎనిమిదేళ్ళుగా అన్నీ నీలం రిబ్బన్లే. నీలం అంటే "బాగానే ఉంది గానీ..." అన్నట్టు. తన గది గోడ నిండా "బాగానే ఉంది గానీ"లే వేలాడుతుండేవి.

గుర్రం పేరు హోమర్. తేనె రంగు, కాస్త బొజ్జ, చాలా మంచి చెవులు. ఆ చెవుల సంగతి గుర్తుపెట్టుకో.

ఆ జూలైలో మార్సీన్ పొద్దున్నే బస్సెక్కి మొక్కజొన్న చేలల్లో పూత పీకే పనికి వెళ్ళేది. వెళుతూ వెళుతూ రోజూ ఒకటే పాట.

"నాన్నా, హోమర్ని నువ్వు తిప్పకు. సాయంత్రం నేనొచ్చి తిప్పుకుంటా."

"నేనెందుకు తిప్పుతానే? నాకు పందుల్లేవా?"

బస్సు మలుపు తిరిగేసరికి హోమర్ మెడకి పొడుగు తాడు కట్టేసి ఉండేవాణ్ణి. పిల్లకి సాయం చేస్తున్నానని నా నమ్మకం. నేను మధ్యలో నిలబడతాను, అది నా చుట్టూ తిరుగుతుంది. ముందు నడక, తర్వాత పరుగు, చివరికి దౌడు. ఎండుగడ్డి దుమ్ముకి నా గొంతు పట్టేసేది. ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని "దౌడు!" అనేవాణ్ణి. నెల తిరిగేసరికి ఆ మాట నా నోట్లోంచి రాకముందే హోమర్ దౌడందుకునేది. అబ్బ, ఎంత తెలివైన గుర్రం అనుకున్నాను. దానికి నేర్పినవాడు ఇంకెంత తెలివైనవాడో అని కూడా అనుకున్నాను. రాసెయ్, ఈ వయసులో సిగ్గేమిటి?

జాతర రోజు రానే వచ్చింది. కంచె బయటనుంచి ఎవరూ పిల్లలకి మాట అందించకూడదు, సైగ చెయ్యకూడదు. ఒకసారికి హెచ్చరిక, రెండోసారి చేస్తే ఆ పిల్ల పోటీలోంచి బయటికే. అంతకు ముందు ఏడాది నేను "నడుం నిటారుగా పెట్టు!" అని అరిచి, మైకులో నా పేరు చదివించుకున్నాను. అందుకని మార్సీన్ గుర్రం ఎక్కబోతూ నా చొక్కా పట్టుకుంది.

"నాన్నా, ఈ ఒక్కసారికి నోరు తెరవకు."

"తెరవనే. మీ అమ్మ మీద ఒట్టు."

"అమ్మ మీద కాదు. పందుల మీద ఒట్టెయ్యి."

వేశాను. నా సంగతి నాకు తెలుసు కనక చర్చి ఆడవాళ్ళ అంగడికి వెళ్ళి గసగసాలు నింపిన కొలాచె బన్నులు నాలుగు కొన్నాను. నోట్లో తిండి ఉంటే మాట రాదు కదా అని నా ఉపాయం. మీ అమ్మమ్మ లిబీ నావైపు అదోలా చూసింది.

"ఎమిల్, ఒకటి చాలదూ?"

"పోటీ ఇరవై నిమిషాలు," అన్నాను.

పక్క పొలం ఎల్డన్ ష్రోడర్ మా వెనక వరసలోనే కూర్చున్నాడు. "ఇదేంటమ్మా లిబీ, మీ ఆయన మూతికి చిక్కం తేలేదూ?" అన్నాడు. మొదటి కొలాచె అప్పటికే నా నోట్లో ఉంది.

పదకొండు గుర్రాలు బరిలోకి వచ్చాయి. జడ్జీ కాన్సాస్ నుంచి వచ్చిన ఆవిడ, పొడుగాటి, నవ్వని మనిషి. "నడక," అన్నారు మైకులో. హోమర్ నడిచింది. ఆహా, ఏం నడక! పూలపాన్పు మీద నడిచినట్టు. మీ అమ్మ చేతిలో కళ్ళెం వదులుగా, ఉయ్యాల తాడులా వేలాడుతోంది. జడ్జీ తలాడించింది. ఊదా రిబ్బను నా కళ్ళకి కనపడింది. ఆ సంతోషంలో రెండో కొలాచె నమలకుండా మింగాను.

ఆగస్టు ఎండ, బరిలో దుమ్ము, గొంతులో పొడి గసగసాలు. ఆపుకున్నాను తల్లీ, కళ్ళంట నీళ్ళు కారేదాకా ఆపుకున్నాను. ఆఖరికి దగ్గు వచ్చేసింది, చిన్నదే.

పది గుర్రాలు నడుస్తున్నాయి. హోమర్ దౌడందుకుంది. మూడు అంగలు. మీ అమ్మ ఎంత చక్కగా సర్దుకుందంటే, చూడనివాళ్ళకి తెలియనే తెలియదు. జడ్జీ చూసింది. కాగితం మీద ఏదో గీసింది.

ఇంకా పూర్తిగా పోలేదు అనుకున్నాను. మిగతాదంతా మీ అమ్మ వంక పెట్టడానికి వీల్లేకుండా చేసింది. చివర గుర్రాలన్నీ వరసగా నిలబడ్డాయి. కదలకుండా నిలబడితే చాలు. సరిగ్గా అప్పుడే మూడో కొలాచె అడ్డంపడి నాకు పొలమారింది. నా మొహం ఎర్రబడటం చూసి ఎల్డన్, "చస్తున్నాడ్రా నాయనా!" అని వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. వాడిది కమ్మరి చెయ్యి. కొలాచె బయటపడింది, దాని వెనకే దగ్గు, బండి టైరు పేలినట్టు.

హోమర్ వరసలోంచి ఎగిరి దూకింది. జడ్జీ టోపీకి జానెడు దూరంలోంచి దౌడు తీసి, బరి అటు చివరి దాకా పోయి ఆగింది. చెవులు మాత్రం నావైపే.

మీ అమ్మకి ఎర్ర రిబ్బను ఇచ్చారు. ఎర్ర రిబ్బను నీలం కంటే కింద. గుర్రాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"నా తప్పే నాన్నా. నా మడమ దాని డొక్కలో తగిలుంటుంది. రెండుసార్లూ."

అప్పటికి నా నోట్లో కొలాచె లేదు. నోరు మూసుకుంటానని పందుల మీద వేసిన ఒట్టు నేను నిలబెట్టుకున్నది ఆ ఒక్క నిమిషమే.

మర్నాడు మీ అమ్మ లేనప్పుడు హోమర్ దగ్గరికి వెళ్ళి దగ్గాను. దౌడు. మళ్ళీ దగ్గాను. దౌడు. వంటింటి గుమ్మంలోంచి లిబీ గొంతు వినపడింది.

"ఇంకోసారి దగ్గు, చూద్దాం." దగ్గాను. దౌడు. "అమ్మాయికి చెబుతావా?"

"చెబుతా. కోతలు కానీ."

"ఏ ఏటి కోతలు?"

లిబీ తను పోయేదాకా ప్రతి కోతలకీ అదే అడిగింది. తను మాత్రం ఎవరికీ చెప్పలేదు. "నీ దగ్గు నువ్వే దగ్గాలి," అనేది. హోమర్ ఇంకా పదిహేనేళ్ళు బతికింది. చలికాలం నాకు పడిశం పట్టిందంటే దానికి తిరుగుడే తిరుగుడు, పాపం. మీ అమ్మ కాలేజీకి వెళ్ళిపోయింది గానీ, పక్క పొలంలోంచి అది చూసి చూసి ఎల్డన్‌కి సంగతి అర్థమైపోయింది.

ఇప్పుడు మీ అమ్మే జడ్జీ. ఇరవయ్యేళ్ళుగా ప్రతి పోటీ ముందూ మైకు పట్టుకుని పిల్లలకి అదే కథ చెబుతోంది. "నా ఆఖరి పోటీ నా మడమ వల్ల పోయింది, మీరు మడమ జాగ్రత్త," అని. నేను మూడో వరసలో కూర్చుని వింటాను. పోయిన ఏడాది ఆ మాట విన్న ఒక చిన్నపిల్ల భయపడి, కాళ్ళు గుర్రానికి తగలకుండా రెక్కల్లా చాపుకుని పోటీ అంతా తిరిగింది. చివరికి కిందపడి ఏడ్చింది. చక్రాల కుర్చీలోంచి ఎల్డన్ నన్ను మోచేత్తో పొడిచాడు.

"నీ దగ్గుకి ఇంకెంతమంది పిల్లలు పడాలిరా ఎమిల్?"

ఈ మాట చెప్పడానికి నాకు నలభై అయిదేళ్ళు పట్టింది, తల్లీ. వచ్చే శనివారం మన జాతరలో మీ అమ్మ మళ్ళీ మైకు పట్టుకుంటుంది. శుక్రవారం దాకా పక్క జిల్లా పోటీల్లో ఉంటుంది. నువ్వు ఈలోపే ఫోన్ చేసి, ఇదంతా ఒక్క ముక్క వదలకుండా చదివి వినిపించు. గుర్రం మీద ఉంటే ముందు దిగమను. నాన్నే చెప్పొచ్చుగా అని అడిగితే, పక్కనే ఉన్నాడు గానీ దగ్గొస్తోంది అని చెప్పు.