శౌరమ్మ గొంతు ఉన్న పాఠాలు

పటమటలోని ఒక ప్రైవేటు స్కూల్లో సంజీవరావు మాస్టారు పదో తరగతికి ఫిజిక్సు చెప్పేవారు. స్టాఫ్‌రూములో అందరూ సెల్‌ఫోన్లని తిట్టిపోస్తుంటే వాటి తరఫున మాట్లాడే మనిషి ఆయనొక్కరే.

"ఫోను వచ్చాకే పిల్లలు పాడైపోయారండీ," అనేది సోషల్ టీచరు హెలెన్.

"చేతికి ఫోను ఇచ్చాం గానీ, అందులో ఎలా మసలుకోవాలో చెప్పామా హెలెనమ్మా? రోడ్డు దాటడం నేర్పకుండా పిల్లాణ్ణి బెంజ్ సర్కిల్లో వదిలేసి, లారీని తిడితే ఏం లాభం?"

చెప్పడమే కాదు, నేర్పేవారు కూడా. వారానికొకసారి పాఠం పక్కన పెట్టి ఆ సంగతులే మాట్లాడేవారు. "గ్రూపులో ఏదన్నా పెట్టేముందు దాన్ని బీసెంట్ రోడ్డు మధ్యలో నిలబడి గట్టిగా చదువుతున్నట్టు ఊహించుకోండి. నోరు పెగలకపోతే పెట్టొద్దు," అనేవారు. పిల్లలు నవ్వేవారు. ఆయనా నవ్వేవారు.

కరోనా రోజుల్లో స్కూలు పేరు మీద ఒక యూట్యూబ్ ఛానెల్ మొదలుపెట్టారు. క్రీస్తురాజపురంలోని తమ ఇంటి ముందుగదిలో గోడకి నల్లబోర్డు కొట్టించారు. ఫోను పట్టుకునేది ఆయన భార్య శౌరమ్మ. పిల్లల్లేని ఇల్లు. సాయంత్రం కాఫీ తాగి గ్లాసులు కడిగేశాక ఇద్దరికీ అదే పని. ఆవిడ చదివింది ఏడో తరగతి. ఫోను పట్టుకుని ఊరికే నిలబడేది కాదు, మధ్యలో ఆపేసేది.

"ఏవండీ, ఆ గీత అక్కడెందుకు వంగిందో చెప్పకుండా వెళ్ళిపోతున్నారు."

"వంగింది కదా, కనపడట్లేదూ?"

"వంగింది సరే. ఎందుకు?"

ఆయన విసుక్కుంటూనే మళ్ళీ చెప్పేవారు. ఆ మాటలు తీసేయకుండా అలాగే వీడియోలో ఉంచేసేవారు. పిల్లలకి ఆ గొంతు అలవాటైపోయింది. 'ఆంటీకి అర్థమైతే మాకూ అర్థమైనట్టే సార్' అని కింద కామెంట్లు పెట్టేవారు. అవి చదివి వినిపిస్తే శౌరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

రెండు వేల ఇరవై నాలుగు వేసవి సెలవుల్లో ఒకరోజు పొద్దున్నే బట్టలు ఆరేస్తూ ఆవిడ కుప్పకూలిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు డాక్టర్లు. మూడోరోజు పోయింది. స్కూలు తెరిచాక మాస్టారు ఎప్పటిలాగే వచ్చి పాఠం చెప్పారు. తోటి టీచర్లకి తెలుసు. పిల్లలకి ఆయన చెప్పలేదు. వాళ్ళకి చెబితే తను నిలబడలేనని భయం.

సెప్టెంబరులో బుడమేరు పొంగింది. సింగ్‌నగర్ మునిగింది. బడులకి సెలవులిచ్చారు. ప్రిన్సిపల్ జయపాల్ గారు పదో తరగతికి మాత్రం ఆన్‌లైన్లో పాఠాలు జరపమన్నారు. సంజీవరావు మాస్టారు ఫోనుని రెండు పుస్తకాల మధ్య కుర్చీలో నిలబెట్టి, ముందుగదిలో బోర్డు దగ్గర నిలబడ్డారు. ఆ గదిలో పాఠం చెప్పడం ఆవిడ పోయాక అదే మొదలు.

కుంభాకార కటకం బొమ్మ గీస్తున్నారు. పిల్లలు 'సార్, బొమ్మ సగమే కనిపిస్తోంది' అన్నారు. ఆయన బోర్డు వైపే చూస్తూ, చేత్తో సైగ చేస్తూ అలవాటుగా అనేశారు:

"శౌరీ, కాస్త ఎడమకి తిప్పు."

ఇంకో గీత గీశారు. "తిప్పావా?" అని మళ్ళీ అడిగారు. జవాబు రాకపోయేసరికి వెనక్కి తిరిగారు. కుర్చీని చూశారు. సుద్దముక్క చేతిలోంచి జారిపోయింది. అలాగే గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుని, మోకాళ్ళలో ముఖం పెట్టుకున్నారు. ఫోను ఇంకా నడుస్తూనే ఉంది. క్లాసు మొత్తం చూసింది. కొందరు ఆన్‌లైన్ క్లాసులోంచి బయటికి వెళ్ళిపోయారు. ఒక అమ్మాయి మాత్రం దాన్ని తన ఫోన్లో రికార్డు చేసింది.

మర్నాటికి అది రీలై తిరుగుతోంది. వెనక ఒక హాస్యపు సంగీతం. 'సారుకి దెయ్యం కనిపించింది' అని రాత. క్లాసు గ్రూపులోంచి ఇంకో సెక్షనుకి, అక్కణ్ణుంచి వేరే స్కూళ్ళకి, కోచింగ్ కాలేజీల హాస్టళ్ళకి పాకింది. స్కూళ్ళు తెరిచాక మాస్టారు బస్సుస్టాపులో నిలబడి ఉంటే, ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రాళ్ళు ఆటోలోంచి తల బయటపెట్టి "శౌరీ, ఎడమకి తిప్పు!" అని అరుచుకుంటూ పోయారు. ఆ పేరు వాళ్ళ నోట వినడం ఆయనకి చెంపదెబ్బలా తగిలింది.

జయపాల్ గారు చెడ్డమనిషి కాదు. మాస్టార్ని గదిలోకి పిలిచి మంచినీళ్ళిచ్చారు.

"పేరెంట్స్ నుంచి ఒకటే ఫోన్లండీ. మీకూ తలవంపులు, స్కూలుకీ తలవంపులు. అందుకే మన ఛానెల్ మొత్తం తీయించేశాను. ఇంక మీ వీడియో ఒక్కటి కూడా ఎవడి చేతికీ దొరకదు."

"మొత్తమా అండీ?"

"మొత్తం. మీరు నిశ్చింతగా ఉండండి."

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. "పాత పాఠాలు కూడానా? మా ఆవిడ మాట్లాడినవి?"

జయపాల్ గారికి అప్పుడు వెలిగింది. కంప్యూటర్ల కుర్రాణ్ణి పిలిపించారు. ఛానెలే పోయాక వీడియోలు తిరిగి రావన్నాడతను. మాస్టారి దగ్గర వేరే కాపీలు లేవు. ఫోనులో చోటు చాలక, ఎక్కించిన వీడియోని ఎక్కించినట్టే చెరిపేసేవారు. శౌరమ్మకి సొంత ఫోను లేదు, ఎవరికీ వాయిస్ మెసేజ్ పెట్టి ఎరగదు. పెళ్ళినాటి ఫోటోలున్నాయి. గొంతు మాత్రం ఆ పాఠాల్లోనే ఉండేది. వేసవిలో ఆవిడ పోయినప్పట్నుంచీ ఆయన రోజూ ఒక పాఠం పెట్టుకుని వింటున్నారని ఎవరికి తెలుసు?

"నన్ను క్షమించండి మాస్టారూ," అన్నారు జయపాల్ గారు.

రీలు చేసింది సింధూరి అని తేలింది. వన్ టౌన్లో స్టీలు సామాన్ల కొట్టు వాళ్ళది. క్లాసులో మొదటి బెంచీ. అందరికంటే ముందు చెయ్యెత్తి డౌటు అడిగే పిల్ల. ఆ పేరు వినగానే మాస్టారు నమ్మలేదు. తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"టీసీ ఇచ్చేయండి సార్, నేను తల ఎత్తుకోలేను," అంటూ కూతురి చేతిలోంచి ఫోను లాక్కుని నేలకేసి కొట్టబోయాడు.

మాస్టారు ఆపారు. "పగలగొట్టకండి. ఆ అమ్మాయి చదువుకునేది కూడా అందులోనే. టీసీ వద్దండీ జయపాల్ గారూ, పదో తరగతి పిల్ల." తర్వాత ఆ పిల్ల వైపు తిరిగారు. "ఎందుకు చేశావమ్మా?"

"ఊరికే... నవ్వుకోడానికి సార్."

"నవ్వొచ్చిందా?"

సింధూరి తల దించుకుంది. "అప్పుడు వచ్చింది సార్. ఆంటీ చనిపోయారని నాకు తెలీదు. నిజంగా తెలీదు సార్. తెలిస్తే పెట్టేదాన్ని కాదు."

"అది తెలీదు, నిజమే. ఒక మనిషి ఏడుస్తున్నాడని తెలిసింది కదమ్మా."

ఆ పిల్ల బావురుమంది. నాది తీసేశాను, కానీ ఎవరెవరో పెట్టుకున్నారు, వాళ్ళని అడిగితే ఎదురు నన్నే ఏడిపిస్తున్నారు అని వెక్కుతూ చెప్పింది. పాత పాఠాల సంగతి మాస్టారు ఆ పిల్ల ముందు ఎత్తలేదు.

హెలెన్ ద్వారా ఆ సంగతి సింధూరికి తెలిసింది. ఆ రోజు నుంచి ఆమె కనపడ్డవాళ్ళందర్నీ అడిగింది. సీనియర్లని, ట్యూషన్ పిల్లల్ని, స్కూలు వదిలి వెళ్ళిన పాత బ్యాచి వాళ్ళని. ఎవరైనా మాస్టారి పాఠం ఒక్కటన్నా దాచుకున్నారేమోనని. ఎవరి దగ్గరా లేదు. కావాల్సినప్పుడు చూసుకోవచ్చులే అనుకున్నారంతా. దొరికింది తను చేసిన రీలొక్కటే. అందులో మాస్టారు పిలవడం ఉంది, పలికే మనిషి లేదు.

సింధూరి చివరి బెంచీలోకి మారిపోయింది. చెయ్యెత్తడం మానేసింది. ముందుకొచ్చి కూర్చోమని పిలవాలని మాస్టారు రోజూ అనుకునేవారు. ఆ పిల్ల ముఖం చూడగానే నోరు కట్టేసినట్టయ్యేది. పదిహేనేళ్ళ పిల్లమీద ఈ కోపమేమిటని ఇంటికెళ్ళి తననే తిట్టుకునేవారు.

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. గుణదల వైపు సమాధుల తోట జనంతో కిటకిటలాడుతోంది. మాస్టారు శౌరమ్మ సమాధికి సున్నం వేయించి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తుంటే సింధూరి వాళ్ళమ్మతో వచ్చింది. చేతిలో చామంతుల పొట్లం. వాళ్ళకిలాంటి పండుగ అలవాటు లేదు. ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయింది.

"అక్కడ పెట్టమ్మా, పేరు దగ్గర."

పెట్టి, దణ్ణం పెట్టుకుంది. లేచి అడిగింది. "ఆంటీ ఎలా ఉండేవారు సార్?"

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. గుడివాడ దగ్గర పల్లెటూరు. కోపం ఎక్కువ. చేపల పులుసు చేస్తే వీధంతా పంచేది. చర్చి కోయిర్లో పాడమంటే మాత్రం పారిపోయేది.

"మీరంతా వీడియోల్లో విన్నారుగా, ఆ మాట... 'ఏవండీ' అనేదే, అది..." ఆ పిలుపుని అనుకరించబోయారు. రాలేదు. ఇంకోసారి ప్రయత్నించారు. వచ్చింది తన గొంతే. "మర్చిపోతున్నానమ్మా," అన్నారు మెల్లగా. "రోజుకి కొంచెం మర్చిపోతున్నాను."

సింధూరి తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంది. సింధూరి ఏడవలేదు. కొవ్వొత్తి గాలికి ఆరిపోతే వంగి మళ్ళీ వెలిగించింది. మాస్టారు ఆ పిల్ల తలమీద చెయ్యి వేశారు. క్షమించానని అనలేదు. ఆ మాట నిజం కావడానికి ఇంకా టైము పడుతుందని ఆయనకి తెలుసు.

క్రిస్మస్ సెలవులు అయ్యాక జయపాల్ గారు మళ్ళీ ఛానెల్ పెడదామా అని బెరుగ్గా అడిగారు. హెలెన్ వద్దంటుందనుకున్నారు అందరూ. ఫోను తనే పట్టుకుంటానంది. స్కూల్లోనే, ఖాళీ క్లాసురూములో, మాస్టారు మొదటి పాఠం మళ్ళీ చెప్పారు. మధ్యలో ఎవరూ ఆపలేదు. పాఠం త్వరగానే అయిపోయింది.

"కింద కామెంట్లు రాకుండా ఆపేయమంటారా మాస్టారూ?" అడిగింది హెలెన్. "మళ్ళీ ఏం రాస్తారో ఏమో."

ఆయన చేతికంటిన సుద్ద దులుపుకున్నారు.

"ఉండనీ అమ్మా. పిల్లలకి డౌట్లుంటాయి."