బ్లీచింగుకి లొంగని పసుపు

రంగు విషయంలో అక్కతో వాదించి గెలిచినవాడు ఇంతవరకు లేడు. అద్దకం గదిలో ఇరవై రెండేళ్లుగా ఆమె మాటకు తిరుగులేదు. తడి నూలు చూసి, ఆరాక ఏ రంగుకు దిగుతుందో చెప్పేస్తుంది. అంత కన్నున్న మనిషి, సొంత తమ్ముడి దగ్గరకొచ్చేసరికి గుడ్డిదైపోయింది.

తమ్ముడికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని ఆపరేషన్ చేసి ఆ తిత్తినే తీసేశారు. పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు, మూడో రోజుకే ఇల్లు. బరువులెత్తొద్దన్నారు కాబట్టి ఎత్తలేదు గానీ, వారం తిరక్కుండానే అక్క పక్కన స్టూలేసుకుని చిలపలు, అంటే నూలు కట్టలు, విడదీస్తూ కూర్చున్నాడు. అప్పుడొక పెద్ద ఆర్డరు మీద తొట్లన్నిట్లో పసుపు రంగే. ఆ గదిలో ఎవరి గోళ్లు చూసినా, చెవుల వెనక చూసినా పసుపే.

ఒళ్లంతా దురదగా ఉందన్నాడు తమ్ముడు. అద్దకం సోడా పడి ఉంటుంది, కడుక్కోమంది అక్క. అన్నం సయించడం లేదన్నాడు. మందుల వేడి అంది. మూత్రం డికాషన్‌లా వస్తోందన్న సంగతి ఆమెకు చెప్పడానికి సిగ్గుపడి పెళ్లానికి చెప్పుకున్నాడు. మరదలు వచ్చి ఆ మాట చెప్పి, ఆగి, "ముఖం కూడా పచ్చబడింది వదినా," అంది.

అక్కకు ఒళ్లు మండింది. రంగు సంగతి తనకే చెప్పడమా!

"ఈ గదిలో ఎవరి ముఖం పచ్చగా లేదు? నాది చూడు," అంది.

చూస్తే నిజంగానే పచ్చగా ఉంది. మరదలు వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఆ ఆర్డరు శనివారం పూర్తయింది. అందరూ బ్లీచింగ్ నీళ్లలో చేతులు తోముకున్నారు. అందరివీ తేటపడ్డాయి, తమ్ముడివి తప్ప. అక్క అతని చెయ్యి లాక్కుని తనే రుద్దింది. తోలు కమిలింది గానీ పసుపు కదల్లేదు. గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పింది. కంటి తెల్లగుడ్డు కూడా పసుపే. కంట్లోకి ఏ అద్దకమూ ఎక్కదు. పైగా ఒళ్లు కాలిపోతోంది. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. పచ్చటి లోకంలో కూర్చుని ఆమె కామెర్లనే పోల్చుకోలేకపోయింది. అప్పటికప్పుడు తమ్ముణ్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

పైత్యరసం పేగులోకి దిగే గొట్టానికి ఆపరేషన్‌లో పొరపాటున క్లిప్పు పడిందని పెద్దాసుపత్రి డాక్టరు స్కానింగ్ చూసి చెప్పాడు. రసం వెనక్కి తన్ని రక్తంలో కలుస్తోందట, చీము కూడా పట్టిందట. మళ్లీ కోయాలి, ప్రాణానికి హామీ ఇవ్వలేను అన్నాడు. ఎప్పుడు, ఎలా కోయాలన్నది దారి మూసుకుని ఎన్నాళ్లయిందన్న దాన్ని బట్టి ఉంటుందట.

"పసుపు ఎప్పట్నుంచి?" అని అడిగాడు.

తమ్ముడు అక్క మీద మాట పడనిచ్చే రకం కాదు. "నిన్నట్నుంచే," అన్నాడు.

"కాదు," అంది అక్క. "తొమ్మిది రోజులు. మొదట చెవి తమ్మె దగ్గర చూశాను. మా తొట్టి రంగు కాదది, కాస్త ఆకుపచ్చ కొట్టింది. రంగు తేడా నాకు తెలుసు. తెలిసీ పని ఆపలేదు."

డాక్టరు తొమ్మిది అని రాసుకున్నాడు. తమ్ముడు పక్క మీంచి చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె రుద్దిన చోట అతనికి తోలు లేచిపోయి ఉంది.