ఐదు చాలే చోట ఆరు

1907లో పైక్ క్రీక్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఏడు ఆటలకు ఒప్పుకుని, మొదటి ఆరూ వరసగా ఓడింది. పేరుకు కాలిబంతే గానీ ఆ ఆటలో కాలు బంతికి తగిలేది తక్కువ, మనుషులకు తగిలేది ఎక్కువ. బంతిని చంకలో ఇరికించుకుని అవతలి గీత దాకా పరిగెత్తాలి. పదకొండు మంది మీద పడతారు. తలకు రక్షణగా జుట్టే దిక్కు కనుక, ఆగస్టు నుంచి జట్టులో ఎవరూ మంగలి గడప తొక్కలేదు. అక్టోబరు నాటికి వాళ్లు ఊళ్లోకి వస్తే గుర్రాలు బెదిరేవి.

ఎడమ కొసన ఆడేవాడు ఆర్విల్ టటిల్. మొక్కజొన్న కాడకు చొక్కా తొడిగినట్టుండేవాడు. కాలేజీ వారపత్రికకు ఆటల విలేఖరి కూడా అతనే. ఓడేదీ తనే, ఆ ఓటమికి పౌడరు రాసేదీ తనే. మొదటి ఆట యాభై ఎనిమిది–సున్నాతో పోతే, "చివరి పది నిమిషాల్లో మనవాళ్లు ప్రత్యర్థులను బాగా అలసిపోయేట్టు చేశారు" అని రాశాడు. అన్నిసార్లు గీత దాకా పరిగెత్తాక అలసిపోక ఏం చేస్తారు!

నాలుగో ఆట ఒక్కటే కాస్త పరువుగా పోయింది, ఆరు–ఐదుతో. బంతిని గీత దాటించి నేలకు ఆనిస్తే ఐదు పాయింట్లు. ఆనించిన చోటుకు ఎదురుగా వెనక్కి వచ్చి, గోలు కర్రల మధ్యగా తన్నితే ఇంకొకటి. ఆ రోజు బంతి మూలన ఆనింది. కెప్టెన్ ఈనార్ హోల్విక్ అక్కణ్నుంచి ఏటవాలుగా తన్నవలసి వచ్చింది. "బంతి గోలు కర్రలను వదిలి లూథరన్ చర్చి గంటను వెతుక్కుంటూ వెళ్లింది" అని ఆర్విల్ పత్రికలో రాశాడు. చదివి ఈనార్ నింపాదిగా, "గంటకు కాదురా, గోడకు తగిలింది. సరిగ్గా రాయి," అన్నాడు. రాళ్ల క్వారీలో పెరిగిన మనిషి, దెబ్బ తగిలినా రాయిలాగే ఉండేవాడు.

ఆరో ఓటమితో పాటు రెండు విరిగిన ముక్కులూ ఒక భుజమూ ఇంటికి వచ్చేసరికి కాలేజీ అధ్యక్షుడు డాక్టర్ ప్రింగిల్‌కు ఓపిక చచ్చింది. ఉదయ ప్రార్థన కాగానే లేచి, "నవంబరు చివర థ్యాంక్స్‌గివింగ్ పండుగ రోజున మెథడిస్టు కాలేజీ మీద గెలవండి, నోరెత్తను. గెలవలేదా, ఈ కాలేజీలో ఫుట్‌బాల్ ఇక లేదు. ఆ మైదానం వ్యవసాయ శాఖ టర్నిప్ దుంపలకు ఇస్తాను," అన్నాడు. వ్యవసాయం ప్రొఫెసరు మర్నాడే మైదానానికి వచ్చి, వంగి మట్టి వాసన చూసి వెళ్లాడు.

ఆట పోతే ఆర్విల్‌కు అక్కడ మిగిలేది లాటిన్ ఒక్కటే, అందులో అతని స్కోరు ఇంకా ఘోరం. అసలు సంగతి అది కూడా కాదు. చేరిన మొదటి ఏడాదంతా అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఒరేయ్ అని పిలిచింది ఈ పది మందే. ఆ పిలుపు పోతుందని అతనికి నిజంగా భయం వేసింది.

థ్యాంక్స్‌గివింగ్ నాడు బురద సగం గడ్డకట్టింది. ఆట ఇంకా నాలుగు నిమిషాలుందనగా సున్నా–సున్నా. మెథడిస్టు కుర్రాడొకడు చెయ్యి జార్చిన బంతి వాడి రొమ్ముకే తగిలి, ఎగిరి వచ్చి ఆర్విల్ చేతుల్లో పడింది. ఏం చేయాలో తోచక పరిగెత్తాడు. నలభై గజాలు, అంచు వెంబడే పరిగెత్తి గీత దాటేశాడు. వెంటబడినవాళ్లు చాలా వెనక బురదలో జారిపడ్డారు. ఇక వంగి బంతిని నేలకు ఆనిస్తే చాలు.

ఆనించలేదు. బంతి పట్టుకుని గీత వెనకాలే మైదానం మధ్యకు నడవసాగాడు, ఊరేగింపులో పెళ్లికొడుకులా. గోలు వెనకాల జెండాలు పట్టుకుని ఆడపిల్లలు నిలబడ్డారు. వాళ్లలో మిస్ అడెలైడ్ వెంట్ ఉంది. ఆమెతో అతను అప్పటిదాకా మాట్లాడిందల్లా ఒక్క గుడ్ మార్నింగ్. మెడ అటు తిప్పి, బంతిని రెండు చేతులా పైకెత్తి, గీత మీద పాతిన గోలు కర్రను నుదుటితో ఢీకొన్నాడు.

బంతి దొర్లింది. మెథడిస్టుల లావుపాటి కుర్రాడు తాపీగా వచ్చి దాని మీద పడుకున్నాడు. ఈల వేశారు. బంతి వాళ్లది. నాలుగు నిమిషాలు గడిచాయి. సున్నా–సున్నా గెలుపు కిందికి రాదు.

వ్యాయామశాలలో అందరూ బకెట్ల దగ్గర బురద కడుక్కుంటుండగా డాక్టర్ ప్రింగిల్ వచ్చాడు. ఈనార్ ముందుకు వెళ్లాడు.

"సార్, తప్పు నాదండి. మూల నుంచి నేను తన్నలేనని వీడికి తెలుసు. నాకోసమే మధ్యకు తెద్దామనుకున్నాడు. దయచేసి వీణ్నేమీ అనకండి."

జట్టంతా ఆర్విల్ వైపు జాలిగా చూసింది. ఒకడు వచ్చి భుజం తట్టాడు. నోరు మూసుకుంటే చాలు, జన్మంతా త్యాగమూర్తిగా బతికేయవచ్చు. నుదుటి మీద బొప్పి కూడా అందుకు తగినట్టే ఉంది.

డాక్టర్ ప్రింగిల్ అడిగాడు. "ఐదొస్తే గెలిచినట్టే కదా నాయనా? ఆ ఆరోది దేనికి?"

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనెట. ఆర్విల్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

"వీడికోసం కాదండి," అన్నాడు. "ఆరో పాయింటు సంగతి నాకసలు గుర్తే లేదు. గోలు వెనకాల ఆడపిల్లలున్నారండి."

ఈనార్ అతని వైపు తిరిగాడు.

"ఎవర్రా?"

"అడెలైడ్ వెంట్."

"కనీసం ఆ పిల్లైనా చూసిందా?"

"లేదురా. వాళ్ల చెల్లెలికి బూటు తాడు కడుతోంది."

ముందు ఈనార్ నవ్వాడు, చిట్లిన పెదవి మళ్లీ పగిలేలా. తర్వాత జట్టంతా గోడలకు ఆనుకుని నవ్వింది. డాక్టర్ ప్రింగిల్ టోపీ అడ్డం పెట్టుకుని దగ్గాడు. దగ్గు తగ్గాక, "సోమవారం నాగలి దించుతారు. అన్నమాట అన్నదే," అని చెప్పి వెళ్లిపోయాడు.

నవ్వు మెల్లగా ఆగింది. ఈనార్ పెదవి మీది నెత్తురు తుడుచుకున్నాడు. అతనికది ఆఖరి ఏడాది. జూన్‌లో మళ్లీ క్వారీకే పోతాడు.

"నాలుగేళ్లాడాన్రా," అన్నాడు. "ఒక్కటంటే ఒక్కటి గెలిచామని మా నాన్నకు రాద్దామనుకున్నా."

వారం వారం అన్ని మాటలు అల్లిన ఆర్విల్ నోటికి ఆ పూట ఒక్కటే దొరికింది.

"తప్పు చేశాన్రా."

"చేశావు," అన్నాడు ఈనార్. తన బకెట్లో మిగిలిన వేడినీళ్లు అతని వైపు జరిపి, "కడుక్కోరా, చల్లారిపోతాయి," అన్నాడు.